పదివేల ఒక్క చిలకలు

అనగనగా, ఏడు సముద్రాలకు ఇవతల విశ్వంభరుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పొరుగు రాజు కూతురు కేతకిని జటామాలి అనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలున్న తన కోటకు ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించి తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక మూడోవాడు జయశీలుడు బయలుదేరాడు.

దారిలో ఏట్లో కొట్టుకుపోతున్న చీమనొకదాన్ని ఆకు మీదికి ఎక్కించి కాపాడాడు. "నన్నూ తీసుకుపో నాయనా, అక్కరకొస్తాను" అంది చీమ. దాన్ని తలపాగాలో పెట్టుకుని, గండభేరుండ పక్షి వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు.

తెల్లవారేసరికి మాంత్రికుడి కోట ముందు దిగాడు. గుమ్మానికి అటొకటి, ఇటొకటి రాతిబొమ్మలు. తేరిపార చూస్తే తన అన్నలే.

జటామాలి పకపకా నవ్వుతూ వచ్చాడు. "నాకు పదివేల ఒక్క చిలకలున్నాయి. ఒకదానిలో నా ప్రాణముంది. నువ్వు అంకె చెప్పు, వరసకు అన్నేసి నిలబడతాయి. ఒక్కటీ మిగలకుండా సమంగా నిలబెడితే నా ప్రాణచిలక నీ భుజం మీద వాలుతుంది. ఒక్కొక్కటీ అనకూడదు, అన్నీ ఒకే వరస అనకూడదు. పొద్దుగుంకేలోగా తేల్చలేకపోతే నువ్వూ రాయివే" అన్నాడు. ఆ లెక్క ఎవరివల్లా తెగదని వాడి ధీమా.

"రెండు" అన్నాడు జయశీలుడు. రెక్కల టపటపతో కోట దద్దరిల్లింది. చిలకలన్నీ సర్దుకునేసరికి గడియకు పైనే పట్టింది. ఒకటి మిగిలింది. "మూడు" అన్నాడు. రెండు మిగిలాయి. "నాలుగు" అన్నాడు. మళ్ళీ ఒకటి మిగిలింది.

తలపాగాలోంచి చీమ గొణిగింది. "రెండేసి కుదరనివి నాలుగేసి ఎలా కుదురుతాయి నాయనా? ఆరేసీ కుదరవు, ఎనిమిదేసీ కుదరవు. మూడు కుదరకపోతే తొమ్మిదీ కుదరదు. బారులు తీరడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. మరే అంకెకూ లొంగని అంకెలనే అడుగు."

అయిదు అడిగాడు, ఏడు అడిగాడు, పదకొండు అడిగాడు, పదమూడు అడిగాడు. ప్రతిసారీ ఎన్నో కొన్ని మిగులుతూనే ఉన్నాయి. యాభై మూడు అయ్యేసరికి పొద్దు వాలింది. "అయిదువేల దాకా ఇలా అడుగుతూ పోవాలా?" అని జయశీలుడు నీరుగారిపోయాడు.

అప్పుడు మేడ కిటికీలోంచి కేతకి పిలిచింది. "రాజకుమారా, నూరు దాటనక్కర్లేదు. నూరు నూర్లు పదివేలు. వరసలూ నూరు దాటి, వరసలో చిలకలూ నూరు దాటితే అన్ని చిలకలెక్కడివి? రెండింటిలో ఒకటి నూటికి లోపలే ఉండాలి, ఆ చిన్నదాన్నే అడుగు. అసలు జవాబంటూ ఉంటే."

జయశీలుడికి ప్రాణం లేచొచ్చింది. యాభై తొమ్మిది, కుదరలేదు. అరవై ఒకటి, కుదరలేదు. అరవై ఏడుకు పద్దెనిమిది మిగిలాయి. డెబ్భై ఒకటికి అరవై ఒకటి మిగిలాయి. సూర్యుడు సముద్రాన్ని తాకబోతున్నాడు. జయశీలుడి పాదాలు చల్లబడి, రాయిలా బరువెక్కసాగాయి.

"డెబ్భై మూడు" అన్నాడు.

వరస మీద వరస నిండింది. నూరు వరసలయ్యాయి, నూటముప్పై వరసలయ్యాయి. నూటముప్పై ఏడో వరస చివరన ఆఖరి చిలక వాలింది. ఇక గాలిలో ఒక్కటీ లేదు.

జటామాలి మొహం పాలిపోయింది. వరసలోంచి ఒక చిలక ఎగిరొచ్చి జయశీలుడి భుజం మీద వాలింది. మాంత్రికుడు కత్తి దూసి మీదికి ఉరికాడు. ఆ కత్తి మెడను తాకేలోపే జయశీలుడు చిలక గొంతు నులిమాడు. మాంత్రికుడు కుప్పకూలాడు. గుమ్మం దగ్గర రాళ్ళు కదిలి, అన్నలిద్దరూ కళ్ళు నులుముకుంటూ తమ్ముణ్ణి కావలించుకున్నారు.

కేతకి మేడ దిగి వచ్చింది. "నన్ను పెళ్ళాడతావా?" అని అడిగాడు జయశీలుడు.

"ఇద్దరం కలిసి రాజ్యం ఏలేటట్టయితే సరే" అంది.

అందరూ ఇల్లు చేరాక తండ్రులిద్దరూ పదహారు రోజులు పెళ్ళి చేశారు. జయశీలుడూ కేతకీ మనవల మనవలను చూసేదాకా చల్లగా రాజ్యమేలారు. వాళ్ళ ఏలుబడిలో ఆకలని ఏడ్చిన పసిబిడ్డ లేదు.