తడక వెనక తంబూర

వాగు దాటి ఎర్రమట్టి గట్టెక్కితే మోదుగుచెట్ల వాలు వస్తుంది. మనుషుల అడుగు పెద్దగా పడని చోటు. అక్కడ మేకలూ ఎద్దులూ నక్కలూ ఎవరి గుడిసె వాళ్లు వేసుకుని, ఒకరి గుమ్మంలో ఒకరు కబుర్లాడుకుంటూ, అప్పుడప్పుడు పోట్లాడుకుంటూ కాపురాలు చేసుకునేవి.

ఆ వాలులో మేక నాంచారమ్మ ఇంట ఒక ఆచారం ఉంది. పిల్ల పుట్టి మొదటిసారి "మే" అన్న గొంతు ఏ శ్రుతిలో ఉంటే, ఆ శ్రుతికి ఆ పిల్ల పేరున ఒక చిన్న తంబూర బిగిస్తారు. మనవరాలు మువ్వ పుట్టినప్పుడు తాతే స్వయంగా ఎండిన సొరబుర్రకి మెడలా పొడుగాటి దండి అతికి, తీగలు కట్టి, పిల్ల మూతి దగ్గర చెవి పెట్టి తీగలు బిగించే బిరడలు తిప్పాడు. ఆ బుర్ర ఇవాళ్టిది కాదు. ఆయన తాత పెరట్లో కాసి, అటక మీద ఏళ్ల తరబడి పొగచూరి, వేలితో తడితే గంటలా మోగేది. తంబూర పూర్తయిన ఏడాదే తాత స్వామి పాదాల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గోడకి వేలాడే ఆ తంబూర, మువ్వ "మే" అని పిలిచినప్పుడల్లా ఎవరూ మీటకుండానే "గుంయ్" మని సన్నగా పలికేది. శ్రుతి కలిసిన తీగ అలాగే పలుకుతుంది. మువ్వకి ఆ సంగతి తెలియదు. "నానమ్మా, తాత పలికాడు!" అనేది. నాంచారమ్మ ఏనాడూ కాదనలేదు. కళ్లు మూసుకుని రామనామం అనుకుని ఊరుకునేది.

తొలి ఏకాదశి వస్తోంది. ఆ తెల్లవారుజామున గుట్ట మీద రాముడి రాయి ముందు మువ్వ మొదటి భజన. పాట పట్టుబడిన సంబరంలో పిల్ల తంబూర మెడలో వేసుకుని గుట్ట దిగుతూ గంతులేసింది. కాలు జారింది. బండకి కొట్టుకుని దండి ఊడిపోయింది, బిరడ విరిగింది, తీగలు చుట్టలు చుట్టుకున్నాయి.

ఇంటికొచ్చి, ఊడిన ముక్కలు గోడకి చేరేసి, మువ్వ "మే" అంది. జవాబు రాలేదు. ఇంకోసారి అంది. రాలేదు. అంతే, ఆ పూట నుంచి పిల్ల నోరు కట్టేసుకుంది. లేత తుమ్మాకు పెట్టినా మూతి తిప్పుకునేది.

వాలులో తంబూరలు బాగుచేసేది నక్క గుర్నాథం ఒక్కడే. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా బుద్ధిలోనే. అయినా నాంచారమ్మ ముక్కలన్నీ చీరకొంగులో మూటగట్టి, మువ్వని వెంటబెట్టుకుని వెళ్లింది.

"ఏ శ్రుతికి బిగించమంటావు అత్తా?" అని అడిగాడు గుర్నాథం, బుర్రని తడుతూ. తట్టినకొద్దీ కళ్లు మెరిశాయి.

మువ్వ పలకలేదు. నాంచారమ్మే మెల్లగా ఆ శ్రుతిలో "మే" అని చూపించింది. గుర్నాథం ఒక్కసారి వింటే చాలు, చెవిలో నిలిచిపోతుంది.

"పండగ ముందురోజు వచ్చి తీసుకుపో. ముంతెడు పాలు తెస్తే చాలు. మన పిల్ల భజన, నాకు మాత్రం పుణ్యం వద్దా!"

చెప్పిన రోజుకి నానమ్మా మనవరాలూ పాలముంతతో వెళ్లారు. గుమ్మానికి అడ్డంగా ఎద్దు సోమన్న పడుకుని నెమరు వేస్తున్నాడు.

"ఏం సోమన్నా, ఇక్కడున్నావు?"

"మెడగంట నాలుక ఊడింది వదినా. ఇదిగో అదిగో అంటున్నాడు. నాకేం తొందర? నీడ ఉంది, నెమరు ఉంది. మొన్న పొద్దున ఎలుగుబంటి దొర కూడా వచ్చి వెళ్లాడు. పాత బుర్ర తంబూర కావాలట. దొరికితే పుట్టతేనె పట్టంతా ఇస్తానని మన గుర్నాథానికి ఆశ పెట్టాడు. ఇవాళ సాయంత్రం మళ్లీ వస్తాడట."

లోపల ఏదో ఠక్కున కిందపడింది. "సోమన్న బావా, ఊరి కబుర్లన్నీ నీకెందుకు!" అంటూ గుర్నాథం బయటికి వచ్చాడు. చేతిలో కొత్తగా లక్క పూసి నిగనిగలాడే తంబూర.

"ఇదిగో అత్తా! పెళ్లికూతురిలా లేదూ?"

నాంచారమ్మ అందుకుంది. చూపు మసకేసింది కాబట్టి ఆమె దేన్నైనా పెదవితో తడిమి చూస్తుంది. బుర్ర అంచు చుట్టూ పెదవి ఆనించింది. నున్నగా ఉంది. పళ్లొచ్చే వయసులో మేకపిల్లలు దొరికిందల్లా కొరుకుతాయి కదా. ఆ బుర్ర అంచున మువ్వ పాలపళ్ల గాట్లు వరసగా ఉండేవి. తాత తిట్టకుండా, "సంతకం పెట్టిందే నా తల్లి" అని మురిసిపోయేవాడు.

"గుర్నాథం, పంటిగాట్లేవి నాయనా?"

"లక్కతో పూడ్చేశాను. అందం చెడుతుందని."

"బుర్ర బరువెక్కిందేం?"

"లక్క బరువు. మంచి లక్క మరి!"

మువ్వ తీగ మీటింది. "దబ్" మంది. పచ్చి బుర్ర గొంతు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తలవంచుకుని నానమ్మ వెనక్కి వెళ్లింది.

"కొత్తలో అలాగే ఉంటుంది తల్లీ. నాలుగు రోజులు వాయిస్తే అదే కుదురుకుంటుంది" అన్నాడు గుర్నాథం, పాలముంత వైపు చెయ్యి చాస్తూ.

నాంచారమ్మకి కోపం రాలేదని కాదు. కానీ అరిస్తే ఏమొస్తుంది? ఇది నీ తంబూర కాదని నిరూపించు అంటాడు. లోపలికి పోయి వెతకడానికి ముసలి కాళ్లకి బలం లేదు. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఇంట్లో గోడ, గోడకి తంబూర, "తాత పలికాడు" అనే గొంతు జ్ఞాపకమొచ్చాయి. కళ్లు తెరిచేసరికి మొహం తేటగా ఉంది.

"సరే నాయనా. నువ్వు చెప్పాక అబద్ధమవుతుందా? మా ఇంటి పద్ధతి ఒకటుంది. తంబూర గడప దాటే ముందు పిల్ల ఒక్కసారి శ్రుతి పలకాలి. మువ్వా, పిలువమ్మా."

మువ్వ తల అడ్డంగా ఊపింది. "పలకడు నానమ్మా."

"ఎవరు?" అన్నాడు సోమన్న నెమరు ఆపి.

"తాత. పిలిచాను, పలకలేదు. నా మీద కోపమొచ్చింది. నేనేగా పగలగొట్టింది."

ఇన్నాళ్లూ పిల్ల ఆకు ముట్టకపోవడానికి కారణం ఇదా! నాంచారమ్మ ముందుకాళ్లు మడిచి మనవరాలి పక్కన కూర్చుంది. "పిచ్చితల్లీ, నువ్వు కొరికితేనే మురిసిపోయినవాడికి, జారిపడితే కోపమొస్తుందా? ఇంకొక్కసారి పిలువు. ఈసారి గట్టిగా. ఆయన కాస్త దూరంలో ఉన్నట్టున్నాడు."

గుర్నాథానికి ఎక్కడో చురుక్కుమంది. "ఇప్పుడెందుకత్తా, ఎండెక్కుతోంది, బయల్దేరండి..."

మువ్వ గొంతు సవరించుకుంది.

"మే...!"

నాంచారమ్మ చేతిలో కొత్త తంబూర ఉలకలేదు, పలకలేదు. గుడిసె లోపల, తాటాకు తడక వెనకనుంచి మాత్రం సన్నగా, తియ్యగా, "గుంయ్..." మంది.

గుర్నాథం వెంటనే దగ్గు అందుకున్నాడు. "ఖళ్ ఖళ్! పాడు దగ్గు! తుమ్మెద గూడు పెట్టిందత్తా లోపల, అదే రొద!"

"ఒరేయ్ గుర్నాథం," అన్నాడు సోమన్న తాపీగా, "ఆ దగ్గు కాసేపు మింగు. పాపా, ఇంకోమాటు."

"మే...!"

"గుంయ్..."

"నా పెద్ద చెవులకి ఇది తుమ్మెదలా వినబడలేదు వదినా. పిలిస్తే పలికే తుమ్మెదని నేనింతవరకు చూడలేదు." సోమన్న ఎన్నడూ లేంది చటుక్కున లేచాడు. గుర్నాథం పక్కనుంచి జారుకోబోయాడు గానీ గుమ్మం నిండా ఎద్దే ఉంది. సోమన్న మెడ చాచి కొమ్ముతో తడక ఎత్తాడు.

లోపల గోడకి ఆనించి తాత తంబూర. దండి అతుకు దగ్గర లక్క ఇంకా తడిగా మెరుస్తోంది. బుర్ర అంచున పాలపళ్ల గాట్లు.

"తాత పలికాడు! నానమ్మా, తాత పలికాడు!" మువ్వ గంతేసి లోపలికి దూరింది. తంబూరని హత్తుకుని, ఆ ఆనందంలో అంచుని ఇంకోసారి కొరికింది కూడా.

నాంచారమ్మ కళ్లు మూసుకుంది. "రామచంద్రా" అనుకుంది, అంతే.

గుర్నాథం తోక కాళ్ల మధ్యకి పోయింది. "గుడ్డ చుట్టి దాస్తే పోయేది" అని గొణిగాడు. "తడి లక్క అంటుకుంటుందని ఊరుకున్నాను. పోనీ, తీగలన్నా వదులు చేయలేకపోయాను. దొర రాగానే మీటి చూస్తాడని..."

"అంత బాగా చేశావు కాబట్టే దొరికింది నాయనా" అంది నాంచారమ్మ. దండి అతుకు పెదవితో తడిమింది. ఎక్కడా సందు లేదు. "నీ చేతిలో విద్య బంగారం. ఇదిగో పాలు, అనుకున్న ప్రకారమే. చేసిన పనికి ఇస్తున్నాను, చెప్పిన మాటలకి కాదు."

ముంత అందుకోవడానికి గుర్నాథానికి చెయ్యి రాలేదు. తిట్టి వెళ్లినా అంత సిగ్గేసేది కాదు.

"నా గంట?" అన్నాడు సోమన్న, మళ్లీ గుమ్మంలోనే పడుకుంటూ. గుర్నాథం గంట ముందేసుకుని కూర్చున్నాడు.

దారిలో మువ్వ ఒకటే పిలవడం, తంబూర ఒకటే పలకడం. ఇల్లు చేరేలోపు పిల్ల తుమ్మకొమ్మ ఒకటి సగం మేసేసింది. మర్నాడు తెల్లవారుజామున రాముడి రాయి ముందు ఆ గొంతూ ఆ తీగా కలిసి పలుకుతుంటే, గుట్టకింద పొదల్లో నిద్రలేచిన పిట్టలు కూడా కాసేపు ఊరుకున్నాయి.

ఇక ముందురోజు సాయంత్రం ఏమైందో సోమన్నే అందరికీ చెప్పాడు. ఎలుగుబంటి దొర తేనెపట్టుతో వచ్చాడు. గుర్నాథం పచ్చి బుర్ర తంబూర చేతికిచ్చాడు. దొర మీటాడు. "దబ్" మంది. దొర తంబూర గుర్నాథం ఒళ్లో పడేసి, తేనెపట్టు వాడి ముందే చప్పరిస్తూ వెళ్లిపోయాడట.

చేసిన పని నిజం పలుకుతుంటే, నోటి అబద్ధానికి దాక్కునే చోటు దొరకదు.