ఎడారిలో చెప్పాలనుకున్న మాట

శాస్త్రప్రమాణం అడిగితే తిరువేంగళాచార్యులవారు శ్లోకం చదివేవారు. దారి అడిగితే మాత్రం ఎవరింట్లోనో జరిగిన సంగతి చెప్పేవారు. మంగళగిరిలో ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునేవాళ్ళందరూ సంసారులే. పొద్దున్నే పాఠం విని, ఇంటికి పోయి, క్యారేజీ పట్టుకుని ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో కోదండపాణి అని కరెంటు ఆఫీసు ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఉపదేశమై చాలా కాలమైంది కాని జపానికి ఇంకా కూర్చోలేదు. ఇల్లు ఇరుకు, వీధిలో రొద. మేడమీద ఒక గది వేయించుకోవాలనీ, రిటైరయ్యాక గంగ ఒడ్డున కొన్నాళ్ళు ఉండాలనీ ఆలోచన. ఒకనాడు పాఠం ముగిశాక లేచి అడిగాడు. "స్వామీ, ఉపాసన మొదలుపెట్టడానికి తగిన చోటు ఏది, తగిన కాలం ఏది?"

ఆచార్యులవారు పుస్తకానికి గుడ్డ చుట్టి పక్కన పెట్టారు. "దుబాయి వెళ్ళొచ్చిన భార్యాభర్తల సంగతి ఒకటుంది, విను" అన్నారు. శిష్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నవ్వలేదు. ఆయన చెప్పింది ఇది.

గుంటూరులో శశిభూషణ్ అనే ఆయన విత్తనాల కంపెనీలో మేనేజరు. భార్య పేరు మైథిలి. పెళ్ళైన చాలా ఏళ్ళకు గాని ఆమె కడుపు పండలేదు. నెలలు నిండవస్తున్న రోజుల్లో నరసరావుపేటలో ఆమె అన్నగారి గృహప్రవేశం వచ్చింది. ప్రయాణం వద్దన్నాడు శశిభూషణ్. కారులో పడుకుని వెళ్ళి, పడుకుని వస్తానని బతిమాలుకుని ఆమె వెళ్ళింది. వచ్చిన మర్నాడు కడుపులో కదలిక ఆగిపోయింది. ఆడపిల్ల. ఆ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి చూపించినప్పుడు, మైథిలి వదినగారూ నర్సూ వింటూండగానే, మంచం మీద ఉన్న భార్యతో శశిభూషణ్ అన్నాడు. "నా మాట వినుంటే బతికేది."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

కొన్ని వారాల తరువాత రిపోర్టుల కోసం వెళితే డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. లోపల బొడ్డుతాడు ముడిపడింది. మంచం దిగకుండా ఉన్నా అదే జరిగేది. ప్రయాణానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట విన్నాక ఆయనకు ముందుగా కలిగింది సిగ్గు. మనసు తేలికపడడం తరువాత సంగతి. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ ఇంటికి వచ్చాడు. మైథిలి వంటింట్లో ఉంది. పనిమనిషి అంట్లు తోముతోంది, కుక్కరు కూతపెడుతోంది. ఇంత పెద్ద మాట ఇలా గుమ్మంలో నిలబడి, కాళ్ళకు చెప్పులతో, పనిమనిషి వింటూండగా చెప్పేదా అనిపించింది. బిడ్డ పోయిన రోజున అన్న మాటకు ఇద్దరు మనుషులు అడ్డమని ఆయనకు తోచలేదు. ఈ మాటకు మాత్రం తోచింది. స్నానం చేసి వచ్చి చెబుదామనుకున్నాడు. వచ్చేసరికి ఆమె కంచం పెట్టింది. తినేటప్పుడు ఏడిపించడం ఎందుకులే అనుకున్నాడు.

ఆ వారంలో అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడ వెళ్ళాక దీపావళి. పండుగపూట వద్దనుకున్నాడు. ఆ తరువాత ఆఫీసులో సీజను. నిజానికి ఇవేవీ పెద్ద ఆటంకాలు కావని ఆయనకూ తెలుసు. అసలు బరువు వేరే ఉంది. మొదటిరోజే అయితే భుజం మీద చెయ్యి వేసి ఒక్క ముక్కలో చెప్పేయగలిగేవాడు. ఇప్పుడు చేసిన తప్పుతోపాటు, ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మెదపలేదో దానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. నెల గడిస్తే ఆ సంజాయిషీ ఇంకాస్త పెద్దదవుతుంది. మైథిలి మామూలుగానే ఉండేది. అడిగినదానికి బదులు చెప్పేది. ఆయన గదిలోకి వచ్చినప్పుడు మాత్రం చేతిలో పని ఆపి, తల ఎత్తి ఒక్క క్షణం చూసేది. ఆయన తువ్వాలు ఎక్కడుందనో, ఫోను చార్జరు ఎక్కడుందనో అడిగేవాడు. ఆమె చూపించి మళ్ళీ పనిలో పడేది.

ఇలా ఉండగా ఆఫీసులో ఒకాయన భార్యతో దుబాయి వెళ్ళొచ్చి ఫోటోలు చూపించాడు. అద్దాల మేడలు, దీపాల పడవ, వాటి తరువాత ఇసుక. ఎటు చూసినా ఇసుకే. మధ్యలో ఇద్దరు మనుషులు. ఆ ఒక్క ఫోటో దగ్గర శశిభూషణ్ ఆగిపోయాడు. పనిమనిషి లేదు, అత్తగారు లేరు, పక్కింటి టీవీ లేదు. ఇక్కడైతే చెప్పగలను అనుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు అదే లోకమైంది. బ్రాడీపేటలోని ట్రావెల్సు ఆఫీసులో దంపతుల యాత్రలు చూసే అమ్మాయితో గంటలకొద్దీ మాట్లాడేవాడు. చిన్న ప్రయాణం చాలు, ముందు నగరం, చివర ఎడారి. గుంపుతో వద్దు, బండి విడిగా కావాలి. ఎడారి క్యాంపులో అందరితో కూర్చోబెట్టకూడదు. దూరంగా ఇసుక దిబ్బ మీద తివాచీ పరిచి, చుట్టూ లాంతర్లు పెట్టి, అక్కడే భోజనం పెట్టాలి. చంద్రుడు లేని రోజైతే నక్షత్రాలు బాగా కనిపిస్తాయని ఎక్కడో చదివి తేదీ కూడా మార్పించాడు. "హనీమూన్ జంటలు కూడా ఇంత శ్రద్ధగా అడగరు సార్. మేడమ్ గారు అదృష్టవంతులు" అంది ఆ అమ్మాయి. ఆయన తల వంచుకున్నాడు.

ఒక సాయంత్రం ల్యాప్‌టాపు తెర మీద ఆ ఎడారి బొమ్మ చూస్తుంటే మైథిలి వచ్చి వెనక నిలబడింది.

"అంత ఖాళీగా ఉంటుందా?" అని అడిగింది.

"అందుకే అక్కడికి వెళదామంటున్నాను" అన్నాడు ఆయన.

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తరువాత, బిడ్డ పోయిన దగ్గర్నుంచి పక్కింటి పేరంటానికి కూడా వెళ్ళని మనిషి, తానే వెళ్ళి పాస్‌పోర్టుకు ఫోటో తీయించుకుంది. అన్నగారికి ఫోను చేసి, ఊరెళుతున్నామని చెప్పింది. సూటుకేసు సర్దుతూ చిన్నగా ఏదో పాడుకోవడం ఆయన చెవిన పడింది. తన ఏర్పాటు ఫలిస్తోందని శశిభూషణ్ సంతోషించాడు. ఆమె దేనికి సంతోషిస్తోందో ఆలోచించలేదు.

నగరంలో ఆయన అనుకున్నవన్నీ అనుకున్న వేళకే జరిగాయి. ఆకాశమంత మేడ పైఅంతస్తులో, అద్దం దగ్గర నిలబడి కిందికి చూస్తుండగా, విజయవాడ నుంచి టూరులో వచ్చిన ఒక పెద్దావిడ తెలుగు మాట విని పలకరించింది. ఊరూ పేరూ అయ్యాక, "పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వచ్చారమ్మా?" అని అడిగింది.

"పిల్లలు లేరండీ" అంది మైథిలి. ఆవిడ ఇంకో మాట అనేలోగా, "ఒక పాప. పోయింది" అంది.

ఆవిడ నొచ్చుకుని, మైథిలి చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. మైథిలి అద్దంవైపు తిరిగింది. ఆ అద్దంలో ఆమె మొహం, దాని పక్కనే తన మొహం శశిభూషణ్‌కు కనిపించాయి. పాప అనే మాట ఆ రోజు తరువాత ఇద్దరి మధ్యా వినిపించడం అదే మొదటిసారి. ఇప్పుడే చెప్పేద్దామని ఆయనకు అనిపించింది. కాని ఇది జనం తిరిగే చోటు. ఎల్లుండి ఇసుకలో అంతా సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు ఇక్కడ సగం సగం చెప్పి దాన్ని పాడుచేసుకోవడం ఎందుకు? ఆయన గడియారం చూసుకున్నాడు. "పడవకి టైమవుతోంది" అన్నాడు.

ఎడారికి వెళ్ళిన రోజు బండి ఇసుక దిబ్బలెక్కి దిగుతుంటే మైథిలికి కడుపులో తిప్పింది. డ్రైవరు ఒక మలయాళీ. బండి ఆపి, మంచినీళ్ళ సీసా ఇచ్చి, తాను అవతలికి వెళ్ళి సిగరెట్టు వెలిగించుకున్నాడు. ఇద్దరూ కొంచెం దూరం నడిచి కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. ఇసుక ఇంకా వెచ్చగా ఉంది. గాలి లేదు. తమ ఊపిరి తమకు వినిపించేటంత నిశ్శబ్దం. మైథిలి చెప్పులు విడిచి, పాదాలు ఇసుకలో దూర్చుకుంది.

తరువాత ఆయనవైపు చూడకుండానే అడిగింది. "నాతో ఏమైనా చెప్పాలా?"

ఇదీ ఎడారే, వాళ్ళిద్దరే ఉన్నారు, ఆమె అడుగుతోంది కూడా. కాని ఆయన మనసులో వేరే చోటు ఉంది. అక్కడ తివాచీ ఉంది, లాంతర్లు ఉన్నాయి, పైన నక్షత్రాలు రావలసి ఉంది. ఇక్కడ ఆమె మొహం వాడిపోయి ఉంది, చీర కొంగు తడిసి ఉంది, అవతల డ్రైవరు దగ్గుతున్నాడు. అయిదారు నెలలుగా కూర్చుకున్న మాటలు ఇలాంటి చోటు కోసం కాదనిపించింది.

"క్యాంపుకి వెళదాం. అక్కడ మనకి విడిగా ఏర్పాటు చేయించాను. అక్కడ చెబుతాను" అన్నాడు.

ఆమె పాదాలకు అంటిన ఇసుక మెల్లగా దులుపుకుని లేచింది.

వాళ్ళు క్యాంపు చేరేలోపలే గాలి లేచింది. తివాచీలు చుట్టేశారు, లాంతర్లు ఆర్పేశారు. ఉన్నవాళ్ళందరినీ ఒకే పెద్ద డేరాలోకి తోలారు. లోపల డప్పుల మోత, ఎవరో నాట్యం, పళ్ళేలు పట్టుకుని వరసలు. కళ్ళలో పడ్డ ఇసుకను నులుముకుంటూ శశిభూషణ్ నిర్వాహకుడితో వాదించాడు. గాలిని ఆపడం తన చేతుల్లో లేదని అతను చేతులు జోడించాడు. భోజనం కాగానే అందరినీ బండ్లెక్కించి పంపేశారు. హోటలుకు వచ్చాక మైథిలి అలిసిపోయానని చెప్పి దుప్పటి కప్పుకుంది. మర్నాడు విమానం.

హైదరాబాదు విమానాశ్రయంలో సామాన్లు తిరిగే పట్టీ దగ్గర, తోపుడు బండ్ల మధ్య, ఎవరి చంకలోనో పిల్లాడు ఏడుస్తూండగా, శశిభూషణ్‌కు ఒక్కసారిగా భయం వేసింది. ఇక ముందు వెళ్ళడానికి ఏ చోటూ లేదు. "మైథిలీ, ఆ రోజు నేనన్నది తప్పు. నీ వల్ల కాదు. బొడ్డుతాడు ముడిపడిందట. డాక్టరుగారు నాతో చెప్పారు" అన్నాడు. ఇన్నాళ్ళు కూర్చిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

ఆమె తమ పెట్టె వస్తుందేమోనని పట్టీ మీదనుంచి చూపు తిప్పలేదు. "తెలుసండీ" అంది. "ఆవిడ నాకూ చెప్పారు. మీతో చెప్పిన రోజు సాయంత్రమే ఫోను చేసి, మీవారికి అంతా చెప్పానమ్మా, ఇంక బెంగపెట్టుకోకు అన్నారు. మీరు వచ్చేసరికి నేను ఫోను పెట్టి అయిదు నిమిషాలు కూడా కాలేదు."

శశిభూషణ్‌కు తల ఎత్తి ఒక్క క్షణం ఆగే ఆ చూపు ఇన్నాళ్ళూ ఏమిటో అప్పుడు తెలిసింది. "అక్కడ చెప్పాలనే తీసుకెళ్ళాను. గాలి వచ్చి పాడుచేసింది" అన్నాడు.

"గాలి రాకముందు ఇసుకలో కూర్చున్నాం కదండీ" అంది ఆమె.

పెట్టె వచ్చింది. ఆయన అందుకోబోయేలోగా తానే దించుకుంది.

గుంటూరు వచ్చిన కొద్ది రోజులకు ఆమె నరసరావుపేట వెళ్ళి, అక్కడే ఒక బడిలో టీచరుగా చేరింది. శశిభూషణ్ వెళ్ళాడు. కాళ్ళ మీద పడినంత పని చేశాడు. అందరి ముందూ, అప్పుడు ఆ మాట విన్న వదినగారి ముందు కూడా, తప్పు తనదని ఒప్పుకున్నాడు. ఆమె కాఫీ ఇచ్చింది, ఆరోగ్యం అడిగింది. "మీ మీద కోపం లేదండీ" అంది. కోపం ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. బస్సెక్కేదాకా వచ్చి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇప్పటికీ పండుగలకు ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడుతుంది.

ఆచార్యులవారు అంతటితో ఆపారు. ఇదంతా శశిభూషణే ఒకనాడు తన దగ్గరకు వచ్చి చెప్పుకున్నాడని, చెప్పినంతసేపూ తలుపువైపు చూస్తూనే ఉన్నాడని మాత్రం అన్నారు. పాఠానికి వచ్చినవాళ్ళు లేవవలసిన వేళ దాటినా లేవలేదు. కోదండపాణి మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఆయన ఊరుకోలేక అడిగాడు. "ఆలస్యమైతే అయింది గాని, చివరికి ఆయన చెప్పింది నిజమే కదా స్వామీ. పశ్చాత్తాపమూ నిజమే. ఆ మాట ఎందుకు పనికిరాకుండా పోయింది?"

ఆచార్యులవారు భుజం మీది కండువా సర్దుకుని లేచారు.

"మాట పాడవలేదు నాయనా" అన్నారు. "దానికోసం కాచుకున్న ఆకలి చచ్చిపోయింది."