అటు ఒడ్డు యాస

సాధు మిరోన్ పండగ నాడు సన్యాసిని యెలీనా ఒక ముసలామెను మఠం గుమ్మంలోంచి వెనక్కి పంపేసింది. అంతకంటే పెద్ద తప్పు ఆమె మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ కొండదేశంలో మిరోన్ బొమ్మ లేని చోటు లేదు. జెండా మీద ఆయనే, నాణేల మీద ఆయనే, యుద్ధానికి పోయే సిపాయిల మెడల్లోనూ ఆయనే. వందల ఏళ్ళ కింద ఆయన కట్టిన మఠంలో ఒక ఆచారం మాత్రం మారలేదు. పండగ నాడు పొయ్యిలోంచి తీసిన మొదటి రొట్టె, తలుపు తట్టిన మొదటి మనిషిది.

ఆ ఏడు రాజుగారు వస్తున్నారు. గుమ్మం కాపలా యెలీనాది. ఆయన కంటే ముందు తలుపు తట్టింది ఈ ముసలామె. నది అవతలి మనిషని నోరు విప్పగానే యాసను బట్టి తెలిసిపోయింది. వాళ్ళతో యుద్ధం ముగిసి ఇంకా ఏడాది కాలేదు. యెలీనా అన్న అందులోనే పోయాడు. కూతురు మంచం పట్టిందనీ, మిరోన్ స్వామి రొట్టె ఒక్క ముక్క తినాలని ఉందంటోందనీ ముసలామె చెప్పుకుంది.

"మీ ఒడ్డున సాధువులే లేరా?" అంది యెలీనా.

"ఉన్నారు తల్లీ. దానికి ఈయన మీదే గురి."

యెలీనా తలుపు వేసేసింది. రొట్టె రాజుగారికి వెళ్ళింది. ఆయన కాస్త తుంచి, మిగతాది పళ్ళెంలోనే వదిలేశారు.

సాయంత్రం మఠం పెద్ద అగాతమ్మ అడిగితే యెలీనా ఉన్నదున్నట్టు చెప్పింది, కాస్త గొప్పగానే. అగాతమ్మ పీఠం మీంచి మిరోన్ చెక్కబొమ్మను దించి, చంటిబిడ్డలా ఎత్తుకుని గుమ్మం దాటింది. రేవుకు పోయే దారిలో, మట్టిలో నిలబెట్టింది. లోపలికి వచ్చి గడియ పెట్టింది.

"అమ్మా, దేశమంతా మొక్కే స్వామిని..."

"నువ్వు పెట్టిన కట్టుబాటేగా. ఆయనా అటు ఒడ్డువాడే. చచ్చేదాకా ఆ యాస పోలేదట."

యెలీనా గడియ తీసింది. మిగిలిన రొట్టె పట్టుకుని రేవుకు పరిగెత్తింది.

పడవ అవతలి ఒడ్డుకు చేరిపోయింది. వల ఆరేస్తున్న జాలరి ఆమె చేతిలో రొట్టె చూసి, "పొద్దుటి నుంచీ ఇక్కడే కూచుంది సిస్టరమ్మా, మీ గుమ్మంకేసి చూస్తూ. ఇందాకే పడవెక్కింది" అన్నాడు.

తిరిగి వస్తూ బొమ్మను ఆమే ఎత్తుకొచ్చింది.

ఆ ముసలామె ఇల్లేదో, కూతురు ఏమైందో యెలీనాకు ఎన్నటికీ తెలియలేదు. అగాతమ్మ పోయాక మఠం పెద్దగా ఉండమని అందరూ అడిగితే, తనకు గుమ్మం కాపలా చాలంది. ఏటా పండగ నాడు మాత్రం మొదటి రొట్టె పట్టుకుని పడవెక్కేది. అవతల ఏదో ఒక ఇంటి ముందు ఆగి, తలుపు తానే తట్టేది. కర్ర పట్టుకుని నడిచే రోజుల్లోనూ మానలేదు.