తవిటయ్యతో చెప్పిన మాట

చెప్పేవాళ్ళ తాతలకు కూడా గుర్తులేనంత కాలం కిందట, రెండు కొండల నడుమ నుంచి ఒక గెడ్డ పారేది. గెడ్డ అంటే చిన్న ఏరు. ఇవతలి ఒడ్డున ఒక ఊరు. అవతలి ఒడ్డున ఒకే ఒక్క గుడిసె. ఊళ్ళో ఒక పంతులు ఉండేవాడు. గుడిసెలో ఒక ముసలమ్మ ఉండేది. ఆ ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడు ఒక్కడే. వాడి పేరు తవిటయ్య.

వాడికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడోవాడైనా దక్కాలని తల్లి వాణ్ణి దోసెడు తవుడుకు పొరుగామె చేతికి ఇచ్చేసి, మళ్ళీ అడిగి తెచ్చుకుంది. అందుకని తవిటయ్య.

తవిటయ్య బడికి ఇసుక మోసేవాడు. ఆ రోజుల్లో పిల్లలు ఇసుకలోనే అక్షరాలు దిద్దేవారు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, ఇసుకలో మిగిలిపోయిన అక్షరాల మీద తన వేలు పెట్టి తవిటయ్య చదువు నేర్చుకున్నాడు. ఒకరోజు పంతులు చూశాడు.

"ఏరా తవిటిగా, ఏం చేస్తున్నావు?"

"దిద్దతన్నానండి."

"దిద్ది ఏం చేస్తావు? రాజుగారి కొలువులో రాయసం చేస్తావా?"

"నేదండి. సిన్నపిల్లలకి సెప్తానండి."

పంతులు నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెయ్యే కాస్త దురుసు. కళ్ళు మసకబారుతున్నాయి. బడికి తన తర్వాత ఎవరూ లేరు.

"సరే. మూడేళ్ళు నా దగ్గర పని నేర్చుకో. నిలబడితే ఈ బడి నీది."

తవిటయ్య ఆ రోజు ఇంటికి పరుగెత్తాడు. తల్లికి చెప్పాడు. తల్లి ఏడ్చింది.

నేర్చుకోవడం మొదలుపెట్టాక వాడికి ఒక అనుమానం పట్టుకుంది. వేలు పట్టి దిద్దిస్తే ఏ పిల్లాడైనా దిద్దుతాడు. మరి ఒకడికి మర్నాటికి గుర్తుంటుంది, ఇంకొకడికి ఉండదు. ఒకడు నవ్వుతూ దిద్దుతాడు, ఇంకొకడు ఏడుస్తూ దిద్దుతాడు. ఎందుకు? వాడు పంతులునే అడిగాడు.

"అక్షరం సంగతైతే నన్నడుగు," అన్నాడు పంతులు. "మనసు సంగతి నాకేం తెలుసురా? పోయి ఆ సన్నెమ్మనడుగు."

పంతులు హాస్యానికి అన్నాడు. తవిటయ్య హాస్యమనుకోలేదు. ఆ మధ్యాహ్నమే గెడ్డ దాటాడు.

సన్నెమ్మ అంటే ఆ గుడిసెలోని ముసలమ్మ. అన్నం మానేసినవాళ్ళను, మాట మానేసినవాళ్ళను, కారణం లేకుండా ఏడ్చేవాళ్ళను ఆమె దగ్గరకు తీసుకువెళ్ళేవారు. ఆమె విబూది పెట్టదు. తాయెత్తు కట్టదు. చింతపండు గంప ముందు పెట్టి, పిక్కలు తీయమని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. గంప అయ్యేలోగా వాళ్ళ మనసులో ఉన్నది దానంతటదే బయటికి వచ్చేది.

"నాకు నేర్పు మామ్మా," అన్నాడు తవిటయ్య.

"పిల్లలకి అచ్చరాలు సెప్పేవోడివి. నీకెందుకురా ఇది?"

"అచ్చరం ఏలితో పెట్టగలను మామ్మా. అది లోపలికి ఎల్లిందో నేదో నాకు కనపళ్ళేదు."

 సన్నెమ్మ గంప వాడివైపు జరిపింది.

"కూకో."

అలా మొదలైంది. పొద్దున్న పంతులు దగ్గర. పొద్దు తిరిగాక సన్నెమ్మ దగ్గర. నడుమ గెడ్డ.

ఊళ్ళోవాళ్ళు నవ్వారు. "ఒక బడే అబ్బనోడు రెండో బడికి ఎల్తన్నాడు సూడండ్రా! పొద్దున్న పంతులు, మాపటికి మంత్రగాడు!" తవిటయ్య కూడా నవ్వి పంచె పైకి కట్టుకుని గెడ్డలోకి దిగేవాడు.

పంతులు మూడు నేర్పాడు. ఇసుక పరచడం, వేలు పట్టడం, బెత్తం పట్టడం. మొదటి రెండూ వాడికి వచ్చాయి. మూడోది చేతకాలేదు.

సన్నెమ్మ కూడా మూడే నేర్పింది. "ఒకటి, ముకం కన్నా ముందు సేతులు సూడు. రెండు, అడక్కు. ఆళ్ళంతట ఆళ్ళు సెప్పేదాకా కాసుకో. మూడు, ఇన్నది నీలోనే ఉండాల."

"మూడోది తేలికే కదా మామ్మా."

"తేలికంటావేటి?" అని సన్నెమ్మ మళ్ళీ చింతపండు మీద పడింది.

మూడో ఏడు వచ్చింది. ఆ ఏడు బడికి ఒక ఆరేళ్ళ గుంట, అంటే ఆడపిల్ల, వచ్చింది. పేరు అసిరి. కట్టెలు కొట్టే గవరయ్య కూతురు. తల్లి అంతకుముందు వానాకాలంలో గెడ్డలో కొట్టుకుపోయింది.

ఆ బడికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులు వేలితో 'శ్రీ' రాస్తాడు. రెండోవాడికి చుక్క పెడతాడు. మూడోవాడికి ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా పెరుగుతూ పోతాయి. బళ్ళో పన్నెండు మంది పిల్లలు. రోజూ పన్నెండోది అసిరే. రోజూ పది దెబ్బలు. అసిరి ఏడ్చేది కాదు. లోపలికి వస్తూనే చెయ్యి చాపేది.

"ఆఖరి అసిరి! ఆఖరి అసిరి!" అని పిల్లలు పాట కట్టారు.

తవిటయ్య ముఖం కన్నా ముందు చేతులు చూశాడు. ఎర్రగా వాచిన అరచేతులు. గోళ్ళ కింద పచ్చటి నాచు. ఇది గెడ్డలో రాళ్ళ మీద ఉండే నాచు కదా అనుకున్నాడు. అడగలేదు. ఒకరోజు పొద్దున్నే గెడ్డకు వెళ్ళి చూస్తే, అసిరి ఒక రాయి మీద కూర్చుని ఉంది. వాడు కాస్త ఎడంగా మరో రాయి మీద కూర్చున్నాడు. ఒకరోజు. రెండు రోజులు. మూడో రోజు అసిరే మాట్లాడింది. బడి పిల్లలు తవిటయ్యను కూడా పంతులూ అనే పిలిచేవారు.

"పంతులూ, నువ్వు ఎవులికైనా సెప్తావా?"

"సెప్పను."

"మాయమ్మ నన్ను ఈ రాయి మీద కూకోమంది. నానొచ్చేదాకా కదలకు అని అవతలికెల్లింది. నాను లేసిపోనాను. రేగ్గాయల కోసం. అమ్మ తిరిగొచ్చి రాయి మీద నన్ను సూడనేదు. నాను నీట్లో పడ్డాననుకుంది. నన్ను ఎతుకుతా ఎతుకుతా నీట్లోకి ఎల్లిపోయింది. నాను గట్టు మీంచి సూసినాను."

గెడ్డవైపే చూస్తూ చెప్పింది.

"ఇప్పుడు రోజూ కూకుంటన్నాను. ఈసారొస్తే ఉంటాను కదా. అయ్యకి సెప్పకు. అయ్యకి తెల్దు."

"సెప్పను," అన్నాడు తవిటయ్య.

ఎండ రాయి మీదకు ఎక్కేదాకా కూర్చుని అసిరి బడికి వెళ్ళేది. తవిటయ్య ముందుగా వెళ్ళి ఇసుక పరిచేవాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె వేలు పట్టుకుంటే అది మెత్తగా కదిలింది. అ వచ్చింది. ఆ వచ్చింది. తవిటయ్య సంతోషానికి హద్దు లేదు.

అంతలో ఒకరోజు పంతులికి ఒంట్లో బాగాలేదు. చిరాకు మీద ఉన్నాడు. అసిరి రోజూ కన్నా ఇంకా ఆలస్యంగా వచ్చింది.

"ఇవాళ పదితో సరిపోదు," అని పంతులు లేచాడు. "నీకు భయం లేదు, సిగ్గు లేదు. ఇవాళ రెండు చేతులూ పట్టు."

అసిరి రెండు చేతులూ పట్టింది. ఒకటి పడింది. రెండు పడ్డాయి. మూడోది పడింది. అరచేయి చిట్లింది. తవిటయ్య ఆ చేతులనే చూస్తున్నాడు. ఉండలేకపోయాడు.

"కొట్టకండి పంతులుగారూ! దానికి బద్ధకం కాదండి. దాని తల్లి దాన్ని ఎతుకుతా నీట్లో పోయిందండి. రాయి మీంచి తను లేసిపోవడం వల్లే అమ్మ పోయిందనుకుంటోందండి. రోజూ ఆ రాయి మీద కూకుని వస్తోందండి!"

బెత్తం ఆగిపోయింది. మిగిలిన పదకొండు మంది పిల్లల కళ్ళూ అసిరి వైపు తిరిగాయి. అసిరి మాత్రం తవిటయ్యను చూసింది.

"దెబ్బలే నయం పంతులూ," అంది.

అంతటితో ఆమె మాట ఆగిపోయింది. బయటికి వెళ్ళిపోయింది.

పంతులు బెత్తాన్ని మోకాలి మీద పెట్టి విరిచాడు. "ఇన్నాళ్ళూ నేను ఎవరిని కొట్టానురా?" అని కూలబడ్డాడు. "ఇక బడి నీది. నా వల్ల కాదు."

అలా తవిటయ్యకు బడి వచ్చింది. ఊరంతా మెచ్చుకుంది. నవ్వినవాళ్ళే, "మన తవిటయ్య పిల్లల మనసు పుస్తకంలా సదివేస్తాడు" అన్నారు. ఆ మెప్పు వింటుంటే వాడికి అన్నం దిగలేదు.

ఎందుకంటే ఆ సాయంత్రానికే సంగతి గవరయ్య చెవిన పడింది. గవరయ్య కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. ఆమె ముఖం చూడటం మానేశాడు. పిల్లలు గుంపుగా వెళ్ళి ఆ రాయిని చూసి వచ్చారు. ఆ మర్నాటి నుంచి అసిరి రాయి దగ్గరకు కూడా వెళ్ళలేదు. గుమ్మం దాటలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

తవిటయ్య గెడ్డ దాటి సన్నెమ్మ ముందు నిలబడ్డాడు.

"మూడోది మరిసిపోనాను మామ్మా."

"మరవనేదు. తెలిసే సెప్పినావు. మంచికే సెప్పినావు. అందుకే అది కట్టం." ఆమె చేతులు పిక్కలు తీస్తూనే ఉన్నాయి. "సెడ్డకి నోరు మూసుకోడం ఎవులికైనా వస్తాది. మంచికి మూసుకోడం రాదు."

"మరి నానేటి సెయ్యాలి? కొట్టనివ్వాలా?"

సన్నెమ్మ పిక్కలు పక్కన పెట్టింది. "సెయ్యి అడ్డం పెట్టొచ్చు. నోరు అడ్డం పెట్టినావు."

తవిటయ్య ఏడ్చాడు. "ఇది మళ్ళీ బాగవుద్దా మామ్మా?"

"నాకు తెల్దు బాబూ," అంది సన్నెమ్మ. "తెలిస్తే సెప్పనా?"

మర్నాడు తవిటయ్య గవరయ్య ఇంటికి వెళ్ళాడు. గుమ్మం ముందు గుప్పెడు ఇసుక పరిచి, దాని మీద మూడు అక్షరాలు రాసి, తల ఎత్తకుండా తిరిగి బడికి వెళ్ళిపోయాడు. అసిరిని పిలవలేదు. క్షమించమనలేదు. రోజూ అంతే. ఇసుక, మూడు అక్షరాలు, తల ఎత్తకుండా తిరిగి రావడం.

"ఏటి పంతులూ, గోడకి పాఠం సెప్తన్నావా?" అని పొరుగువాళ్ళు ఎగతాళి చేశారు.

ఒక ఏడు గడిచింది. అక్షరాలను గాలి చెరిపేసింది.

రెండో ఏడు గడిచింది. ఇసుక పక్కన చిన్న పాదాల గుర్తులు కనిపించాయి.

మూడో ఏడు, ఒక పొద్దున్న, నిన్న రాసిన మూడు అక్షరాల కింద మళ్ళీ అవే మూడు అక్షరాలు ఉన్నాయి. వంకరగా ఉన్నాయి కాని అవే. తవిటయ్య అక్కడే కూర్చుండిపోయాడు. లోపలికి తొంగి చూడలేదు. కళ్ళు తుడుచుకుని, కొత్తగా మూడు రాసి వెళ్ళాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొరుగామె చూసింది కాబట్టి మనకు తెలిసింది.

ఆ ఏడే ఊళ్ళోకి విషజ్వరం వచ్చింది. పిల్లలకు గంజి మోస్తూ మోస్తూ తవిటయ్య కూడా పడ్డాడు. మూడు రోజులు ఒళ్ళు కాలింది. మూడో రోజు పొద్దెక్కేసరికి, ఇక లాభం లేదని అందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. తల్లి తల దగ్గర, పంతులు కాళ్ళ దగ్గర, పిల్లలు గోడ పొడుగునా.

అప్పుడు గుమ్మంలో అసిరి నిలబడింది. తొమ్మిదేళ్ళు వచ్చాయి. అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

తవిటయ్య బలమంతా కూడదీసుకుని, "అందరూ అటు తిరగండి," అన్నాడు. "అమ్మా, నువ్వూను."

అందరూ గోడవైపు తిరిగారు. తవిటయ్య కూడా ముఖం గోడకు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. పాదాల చప్పుడు లోపలికి వచ్చింది. ఆగింది. ఎవరో వంగినట్టయింది. గుసగుస వినిపించింది. చాలాసేపు మాట్లాడిందని కొందరంటారు. ఒక్కటే మాట అని కొందరంటారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, నాకు తెలియదు. పాదాల చప్పుడు మళ్ళీ బయటికి వెళ్ళిపోయింది.

పంతులు ఇటు తిరిగి, ఆత్రం పట్టలేక అడిగాడు. "ఏమందిరా, తవిటిగా? క్షమించానందా?"

తవిటయ్య పెదవులు కదిలాయి.

"ఏటీ నేదండి," అన్నాడు.

ఇంకో మాట లేదు. ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి పోయాడు. ఆ పిల్ల చెప్పింది కూడా వాడితోనే పోయింది. గెడ్డ అవతల ఈ కబురు విన్న సన్నెమ్మ చింతపండు గంపను పక్కకు నెట్టి, ఆ రోజుకు ఎవరినీ రావద్దంది.

అసిరి మళ్ళీ మాట్లాడింది, పెళ్ళాడింది, పిల్లల్ని కంది అంటారు. గవరయ్య కూతురి ముఖం చూశాడో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈనాటికీ ఆ గెడ్డ పక్క ఊళ్ళలో ఏ పిల్లైనా బడికి ఆలస్యంగా వస్తే ఎందుకని అడగరు. ఆ పిల్ల వచ్చి తన చోట కూర్చునేదాకా పంతులు, పిల్లలు, అందరూ తలలు దించుకుని ఉంటారు. ఇక పిల్లలు ఒకరి చెవిలో ఒకరు రహస్యం చెప్పుకునేటప్పుడు ముందుగా ఒక మాట అడుగుతారు.

"తవిటయ్యవేనా?"

వినబోయేవాడు, "తవిటయ్యనే," అంటాడు. అప్పుడే చెబుతారు.