ఎలుగు నుదుటి ఎర్రమట్టి బొట్టు

అనగనగా వెదుళ్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. ఆ అడవిలో వైద్యం చేసే ఒక ఎలుగు ఉండేది. మట్టి, నీళ్లు, పస్తు. ఈ మూడే దాని మందులు. జ్వరమొస్తే పొట్ట మీద తడిమట్టి పట్టీ వేసేది. అజీర్తి చేస్తే, "లంఖణం పరమౌషధం, రెండు పూటలు నోరు కట్టుకో" అనేది.

ఇదంతా నక్క చూసింది. పులిని చూసి వాతలు పెట్టుకున్న జాతి కదా, ఊరుకుంటుందా? "మట్టి పూయడం కూడా ఒక విద్యేనా?" అనుకుని వాగు అవతల తనూ వైద్యం మొదలుపెట్టింది.

ఒకరోజు కుందేలు తన పాలు తాగే పిల్లను నక్క దగ్గరికి తెచ్చింది. పిల్లకు విరేచనాలు. "పాలు వద్దు, నీళ్లు వద్దు. మూడు రోజులు పస్తు" అంది నక్క. రెండో రోజుకే పిల్ల కళ్లు లోపలికి పోయాయి. కుందేలు ఏడుస్తూ ఎలుగు దగ్గరికి పరుగెత్తింది. ఎలుగు పగలంతా చుక్క చుక్క నీళ్లు పోసి పిల్లను బతికించింది.

మర్నాడు అడవికి పెద్దయిన ఏనుగు సభ పెట్టింది.

"ఈ మట్టి వైద్యమే మానిపించాలి" అంది జింక.

"ఎవరిష్టం వాళ్లది. మనకెందుకు?" అంది కోతి.

"రెండూ కాదు. పరీక్ష పెడతాను. నెగ్గినవాళ్ల నుదుట ఎర్రమట్టి బొట్టు పెడతాను. బొట్టు లేనివాళ్లు మట్టి వైద్యం చేయకూడదు" అంది ఏనుగు.

ఎలుగు మనసు చివుక్కుమంది. "ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను. నాకు పరీక్షా?"

కుందేలు మెల్లగా అంది: "మావా, నువ్వేమిటో నాకు తెలుసు. కొత్తగా వచ్చేవాళ్లకు ఎలా తెలుస్తుంది? నీ చేతులకూ మట్టే, నక్క చేతులకూ మట్టే."

ఎలుగు ఒప్పుకుంది. ఐదో రోజున వెళ్లి నక్కతో పాటు పరీక్షకు కూర్చుంది.

"మట్టి ఎక్కడిది తేవాలి?" అని అడిగింది ఏనుగు. "మోకాలి లోతు తవ్వి, ఎండబెట్టి, జల్లించాలి" అన్నాయి రెండూ. నక్క ఆ నాలుగు రోజులూ ఎలుగు ఇంటి దగ్గర పొదచాటున కూర్చుని, అది చెప్పేవన్నీ బట్టీ పట్టింది మరి.

"పస్తు ఎవరికి పెట్టకూడదు?" "చంటిపిల్లలకు, చూలింతలకు" అన్నాయి రెండూ.

"మీ చేత నయం కాని రోగం ఏది?"

"నాకు లొంగని రోగం ఇంకా పుట్టలేదు" అంది నక్క.

సభలో ముళ్లపంది భార్య కూర్చుని ఉంది. ఎలుగు ఆమె వైపు చూసి చెప్పింది.

"నిరుడు నీ పెనిమిటికి గడ్డ లేచింది. పదిహేను రోజులు మట్టి వేశాను. వాగు ఒడ్డున ఉండే కొంగ అయితే ముక్కుతో పొడిచి చీము తీసేది. దాని దగ్గరికి పంపాల్సింది. నేనే నయం చేయాలనుకున్నాను. అందుకే అతను పోయాడమ్మా. గడ్డలు నా పని కాదు. బొట్టు ఇవ్వకపోయినా నాకు బాధ లేదు."

ముళ్లపంది భార్య తల దించుకుంది. ఎలుగుకు దుఃఖం ఆగలేదు. ఏనుగు వచ్చి దాని నుదుట బొట్టు పెట్టింది. నక్కకు మాత్రం, "ఏడాదిపాటు ఎలుగు దగ్గర మట్టి జల్లించు, తర్వాత రా" అని చెప్పింది.

ఆ మర్నాడు ఎలుగు గుమ్మంలోకి మొదట వచ్చింది ముళ్లపంది భార్యే. చంకలో పిల్ల. పిల్ల కాలికి గడ్డ.

ఎలుగు చూసింది. మట్టి కుండ ముట్టుకోలేదు.

"కొంగ దగ్గరికి పోదాం పదమ్మా. నేనూ వస్తాను" అంది.

నీతి: అన్నీ వచ్చునన్న వైద్యుడికన్నా, తనకు రానిది ఒప్పుకున్న వైద్యుడి చేతిలో ప్రాణం పదిలం. అందుకే వైద్యుడికి పరీక్ష ఉండాలి.