సముద్రం అవతలికి మోగిన మేళం

సామర్లకోటలో నూకరాజు బ్యాండు మేళం వాళ్ళకి తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం తమ వాయిద్యాల మీద కూడా లేదు. ఆ నమ్మకానికి రుజువులున్నాయి. ఒకసారి డిసెంబరు నెలలో ఆ ఏడాది కేలండరే పావు ధరకి కొనుక్కొచ్చి, పదకొండు నెలల కాగితాలు తిప్పే పని తప్పిందని మురిసిపోయారు. ఇంకోసారి ఊరేగింపులో వాన వస్తే డ్రమ్ములు తడవకుండా గొడుగులు పట్టి, గొడుగులు తడిసిపోతున్నాయని వాటి మీద తమ చొక్కాలు కప్పారు.

ఇంటికి పెద్ద నూకరాజు పెద్ద డ్రమ్ము కొడతాడు. తమ్ముడు గంగరాజు క్లారినెట్టు ఊదుతాడు. నూకరాజు భార్య వరహాలమ్మ పదో తరగతి దాకా చదివింది కాబట్టి ఇంట్లో ఇంగ్లీషు శాఖ ఆవిడది.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. పెళ్ళివాళ్ళు మేళం కావాలంటే ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుకే చేసేవారు. మేళంలో పన్నెండు మంది. చైత్రంలో ఆ ఫోను మోగితేనే వైశాఖంలో వాళ్ళకి పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళుంటేనే పన్నెండు ఇళ్ళలోనూ ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది.

అలాంటి ఫోనుకి గంగరాజు ఫాల్గుణంలో ఒక కంప్యూటరు తగిలించాడు. కొత్త సినిమా పాటలు ఇంటర్నెట్టులో ముందే దొరుకుతాయని ఎవరో చెప్పారట. ఎవరో వాడి వదిలేసిన ఆ కంప్యూటరుని అమ్మిన షాపాయన వచ్చి, ఫోను వైరు వెనక గుచ్చి, ఇది మధ్యమధ్యలో ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది, సరే అని నొక్కుతూ ఉండండి, పనైపోతుంది అని చెప్పి వెళ్ళిపోయాడు. అంతే, ఆ మాట ఇంట్లో శాసనమైపోయింది.

మూడో రోజున తెర మీద రంగురంగుల డబ్బా ఒకటి ఊడిపడింది. వరహాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. లోకంలో ఉన్న పాటలన్నీ ఉచితం, తీసుకుంటారా, వద్దా అని అడుగుతోంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకేదో రాసి ఉంది. అంత చిన్నగా రాశారంటే అది మనం చదవడం వాళ్ళకి ఇష్టం లేదన్నమాట, ఒకరి గుట్టు మనకెందుకని ఆవిడ మర్యాదగా చూపు తిప్పుకుంది. గంగరాజు సరే నొక్కాడు.

ఆ చిన్న అక్షరాల్లో ఉన్న గుట్టు ఇది. ఆ డబ్బాలోంచి దొంగ ప్రోగ్రాము ఒకటి కంప్యూటరులో దూరుతుంది. దూరి, ఇంటర్నెట్టు కోసం మామూలుగా ఊళ్ళో నంబరుకి వెళ్ళాల్సిన ఫోనుని ఎక్కడో సముద్రాల అవతల దీవిలో ఉన్న నంబరుకి తిప్పుతుంది. నిమిషానికి నలభై రూపాయలు. ఆ డబ్బులో వాటా డబ్బా పెట్టినవాడిది.

ఇంకేముంది, కంప్యూటరు ఆ దీవికి ఫోను కలిపింది. కలుపుతూ కీచుమంది, గరగరలాడింది, బుస్సుమని ఆగింది. గంగరాజు లేచి నిలబడి, "అన్నయ్యా, పాట వచ్చేసింది" అన్నాడు.

నూకరాజు కళ్ళు మూసుకుని విని, ఇది ఫారిన్ బాణీ అనీ, స్వరం కొత్తగా ఉన్నా తాళం మాత్రం మనదేననీ తేల్చాడు. అయితే పాట అర నిమిషంలో అయిపోయింది. గంగరాజుకి పల్లవి దొరికింది గానీ చరణం జారిపోయింది. లైను తీసి మళ్ళీ కలిపాడు. మళ్ళీ అదే పాట. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా పాడుతున్నారే అని వరహాలమ్మ ఆ గాయకుల సంస్కారానికి పొంగిపోయింది.

మర్నాటి నుంచి మేళం పన్నెండు మందీ వచ్చి సాధనకి కూర్చున్నారు. పాట అయిపోగానే లైను తీసేస్తే పాడినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, వాళ్ళు ఊపిరి పీల్చుకునేదాకా కాసేపు అలాగే వదిలేసేవారు. పదిహేను రోజులకి బాణీ పట్టుబడింది. పిఠాపురంలో ఓణీల ఫంక్షనుకి వెళ్ళి వాయించారు. పేరంటాళ్ళందరూ ఒకేసారి చెవులు మూసుకున్నారు. విన్న పాట బయటికి పోకుండా లోపలే దాచుకుంటున్నారని గంగరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

చైత్రం మొదట్లో బిల్లు వచ్చింది. ఎప్పుడూ మూడు వందలు దాటని బిల్లు ముప్ఫై ఆరు వేలు. పదిహేను రోజుల్లో కట్టకపోతే ఫోను కోసేస్తామని కింద రాసి ఉంది. ఈ అక్షరాలు మాత్రం పెద్దవే. నూకరాజు ఇంట్లో ఉన్న చిల్లరంతా లెక్కపెట్టాడు. పోనీ పెద్ద డ్రమ్ము అమ్మేద్దామా అంటే అది వెయ్యికి కూడా పోదు.

వరహాలమ్మ బిల్లంతా చదివి, ఇవన్నీ ఎక్కడో దీవికి చేసిన ఫోన్లట అని చెప్పింది. ఆ దీవిలో తమకి చుట్టాలు గానీ, బేరాలు గానీ లేవని అన్నదమ్ములిద్దరూ ప్రమాణం చేశారు. మరైతే మనం ఫోను చెయ్యలేదని ఆ దీవివాళ్ళకి తెలియాలి కదా, తెలిస్తే వాళ్ళే బిల్లు కొట్టేస్తారు అంది ఆవిడ. తెలియాలంటే ఏం చెయ్యాలి? నూకరాజు బిల్లులో ఉన్న నంబరు చూసి ఆ దీవికి ఫోను చేశాడు.

అవతల రికార్డు చేసిన గొంతు ఒకటి ఇంగ్లీషులో మాట్లాడింది. దయచేసి లైనులో ఉండండి అంటున్నారని వరహాలమ్మ అర్థం చెప్పింది. పరాయి దేశం మనిషి అంత దయగా అడిగితే ఎలా పెట్టేస్తాడు? నూకరాజు చేతులు కట్టుకోవడానికి వీల్లేక, రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అన్నం వేళకి గంగరాజు అందుకున్నాడు. తరవాత వరహాలమ్మ. సాయంత్రం దీపం పెట్టే వేళకి అవతలివాళ్ళే విసుగెత్తి లైను తీసేశారు.

ఇక లాభం లేదని టెలిఫోను ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ ఇందుమతి అనే ఆఫీసరు ఉంది. అలాంటి బిల్లు ఊళ్ళో అప్పటికి ఇది నాలుగోదట. ఆవిడ దొంగ ప్రోగ్రాము సంగతి విడమర్చి చెప్పి, ఈ ఫోన్లు మేము చెయ్యలేదని ఒక అర్జీ రాసివ్వండి, విచారణ అయ్యేదాకా ఫోను కోయకుండా నేను చూస్తాను అంది. వరహాలమ్మ అక్కడే బల్ల మీద రాసిచ్చింది. "ఈ ఫోన్లేవీ మేము చేయలేదు, చేయలేదని చెప్పడానికి చేసినది ఒక్కటి తప్ప."

ఇందుమతి రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది. "నూకరాజుగారూ, ఆ నంబరుకి మీరే ఫోను చేశారా? చేసి ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదు మేడమ్. ఆగమన్నారు. ఆగాం."

ఎంతసేపు అని ఆవిడ అడగలేదు. అడిగే ధైర్యం చాలలేదు. ఆ ఇంటి నుంచి పై దేశాలకి ఫోను పోకుండా అప్పటికప్పుడు కట్టేయించింది. మా మనిషి వచ్చి పరీక్ష చేసేదాకా ఆ కంప్యూటరునీ, దానికి తగిలించి ఉన్న దేన్నీ ముట్టుకోవద్దు, సాక్ష్యం చెడిపోతుంది అని చెప్పి పంపింది.

కంప్యూటరుకి తగిలించి ఉన్నది ఫోనే కదా. అంతే, ఫోను ముట్టుకోవడం మానేశారు. సరిగ్గా పెళ్ళివాళ్ళు మేళాలు మాట్లాడుకునే రోజులు. ఫోను మోగుతుంటే పన్నెండు మందీ చుట్టూ చేరి నిలబడేవారు. మోగి మోగి ఆగిపోయేది. చూశారా, ఇంకా కోయలేదు, ఆవిడ మాట మీద నిలబడే మనిషి అని నూకరాజు అందరికీ చెప్పేవాడు. అప్పుడు మోగించింది ఒక్కోసారి ఆ ఇందుమతే.

ఫోనెత్తేవాళ్ళు లేక, వారం తరవాత ఆవిడే పరీక్షచేసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. అతను ప్రోగ్రాము పట్టుకున్నాడు, పీకేశాడు, కాగితం రాశాడు. ఆవిడ పై ఆఫీసుతో పోట్లాడి దీవి ఫోన్ల డబ్బంతా కొట్టేయించింది. నూకరాజు మూడు వందల పది రూపాయలు కట్టి బయటపడ్డాడు. ఫోను దక్కింది. మిగిలిన చైత్రం వారం రోజులు.

ఆ రోజు ఇందుమతి ముగ్గురినీ కూర్చోబెట్టి గట్టిగానే చెప్పింది. "అడిగినవాళ్ళందరికీ సరే అనబట్టి ఇంత దాకా వచ్చింది. ఇకమీదట ఆ లైను మీద ఎవరు ఏం అడిగినా వద్దనండి. ఎంత ఆశ పెట్టినా సరే, వద్దంటే వద్దే."

మర్నాడు పొద్దున్నే పెద్దాపురం రైసుమిల్లు ఆసామి ఫోను చేశాడు. కొడుకు పెళ్ళికి మేళం కావాలి, వస్తారా అని అడిగాడు. నూకరాజు వద్దన్నాడు. రేటు రెట్టింపు ఇస్తానన్నాడు ఆసామి. ఆశ పెడుతున్నాడని నూకరాజు తమ్ముడికి కన్నుకొట్టి, వద్దంటే వద్దే అన్నాడు. ఇంకేముంది, శనివారం లోపల పద్నాలుగు మందిని అలా తరిమికొట్టారు. వరహాలమ్మ గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టింది. పద్నాలుగు మంది దొంగలు, ఒక్కడికీ దొరకలేదు.

శనివారం సాయంత్రం మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఇందుమతి. వాళ్ళ అమ్మాయి పెళ్ళి వైశాఖంలో కుదిరిందట. ఈ ఏడు పెళ్ళివాళ్ళంతా పెద్దాపురంలో ఉన్న ఇంకో మేళాన్ని పెట్టుకుంటుంటే పాపం వీళ్ళకి బేరాలు రావడం లేదేమోనని ఆవిడకి అనిపించిందట. "మూడు రోజులూ మీ మేళమే పెట్టుకుందామనుకుంటున్నాను, నూకరాజుగారూ. అడ్వాన్సు రేపే పంపిస్తాను. వస్తారా?"

నూకరాజు రిసీవరుకి చెయ్యి అడ్డంపెట్టి, మేడమ్ పరీక్ష పెడుతున్నారని ఇంట్లోవాళ్ళకి గుసగుసగా చెప్పాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"మీరు అడిగినా వద్దే మేడమ్" అని, ఆవిడ మెచ్చుకునేదాకా లైనులోనే నిలబడ్డాడు.