ఎర్రగళ్ళ తుండు

హైమకి బటర్‌ఫ్లై ఈత పూల్‌లో ముప్పాతిక దూరం వరకే వచ్చేది. అక్కడిదాకా చూస్తే ముచ్చటేసేది. రెండు చేతులూ ఒక్కసారే లేచేవి, నడుము అలలా ఆడేది. ఆ తర్వాత ఏమయ్యేదో గానీ తల ఎత్తేది. తల లేవగానే కాళ్ళు కిందికి దిగిపోయేవి, చేతులు బురదలో పడ్డట్టు కొట్టుకునేవి. దాంతోపాటు ఈత నేర్చుకునే మాకే చూస్తుంటే తలప్రాణం తోకకొచ్చేది. చివరికి పక్కనున్న తాడు పట్టుకుని ఆగిపోయేది.

మిగతా ఈతలన్నీ దానికి మంచినీళ్ళ ప్రాయం. ఈ ఒక్కటి మాత్రం ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకి ఆగకుండా వెళ్ళాలి. వాళ్ళ నాన్న అడిగింది అదొక్కటే.

వాళ్ళ నాన్న అప్పలకొండ మా విశాఖ రేవులో పనిచేసేవాడు. పొద్దస్తమానం ఓడల మధ్య తిరిగే మనిషికి నీళ్ళంటే మహా భయం. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు. రోజూ పొద్దున్నే భుజాన ఎర్రగళ్ళ తుండు వేసుకుని, పూల్ అవతలి చివర, గట్టుకి నాలుగడుగులు ఎడంగా నిలబడేవాడు. కూతురు పైకి రాగానే, "తల ఆరబెట్టుకోవే, జలుబు చేస్తాది" అంటూ తనే తుడిచేవాడు.

"మిగతావి ఈదినట్టుంటాయే. ఇది ఎగిరినట్టుంటాది. ఒక్కసారి నా దాకా ఎగిరి రా" అనేవాడు.

ఆ వానాకాలం గుండెపోటుతో పోయాడు. అప్పటికి హైమ ఇంకా ముప్పాతిక దగ్గరే ఉంది.

అయినా పిల్ల ఈత మానలేదు. రోజూ ఆ తుండు తెచ్చి, నాన్న నిలబడే చోట కమ్మీ మీద వేసి, ఇవతలికి వచ్చి నీళ్ళలో దిగేది. దాన్ని ఉతకలేదు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మేమూ ఆ దరిదాపులకి పోయేవాళ్ళం కాదు.

మాకు నేర్పే గవర్రాజు మాస్టారు నేవీలో చేసి వచ్చిన మనిషి. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటారు. హైమ తన భుజాల్లో బలం చాలట్లేదనుకుని ఇంట్లో కసరత్తులు పెంచింది. గుడ్లు తినడం మొదలెట్టింది. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఒకరోజు ఎప్పట్లాగే ముప్పాతిక దగ్గర ఆగిపోయి, నడుచుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా వల్ల కాదేమో మాస్టారూ. అలాగని వదల్లేకపోతున్నాను."

"అక్కడికి రాగానే తలెత్తి ఏం చూస్తావమ్మా?"

హైమ చూపు కమ్మీ వైపు పోయింది.

మాస్టారు తిన్నగా అవతలి గట్టుకి నడిచారు. తుండు తీశారు. పిల్లలు మునిగి తీసే రాయి ఒకటి అక్కడుంటే, దాన్ని తుండులో మూటకట్టి, సరిగ్గా ఆ ముప్పాతిక దగ్గర నీళ్ళలో వదిలారు. ఎర్రగళ్ళు నెమ్మదిగా అడుక్కి దిగిపోయాయి.

"మాస్టారూ, నాన్న వాసన పోతుంది" అంది హైమ.

"వెళ్ళి తెచ్చుకో. బటర్‌ఫ్లైలోనే వెళ్ళు."

ఆయన వైపు అదొక చూపు చూసి దూకేసింది. అంత కోపంగా ఎవరైనా ఈదగా నేను చూడలేదు. తల మాత్రం ఎత్తలేదు. దానికి కావలసింది ఇప్పుడు అడుగున ఉంది మరి. ఊపిరికి గడ్డం నీళ్ళకి తగిలీ తగలనట్టు లేవడం, వెంటనే మొహం కిందికి పెట్టేయడం. కాళ్ళు దిగలేదు. చేతులు లేస్తూనే ఉన్నాయి. ముప్పాతిక వచ్చింది. ఎర్రగళ్ళు దాని కిందికి వచ్చాయి. ఇక ఆగి మునుగుతుందనుకున్నాం. ఆగలేదు. రెండు అరచేతులూ అవతలి గోడకి ఠపీమని తగిలాయి.

గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"తెచ్చావా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ. నాన్న పైనుంచి వచ్చేశాను."

అని తలెత్తి కమ్మీ వైపు చూసింది. దాని మీద ఏమీ లేదు. వానాకాలంలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు.

మాస్టారు ఊరుకోమని అనలేదు. చొక్కాతోనే నీళ్ళలోకి దూకి, మునిగి, తుండు పైకి తెచ్చారు. ముడి విప్పి రాయి పక్కన పెట్టారు. తుండు గట్టిగా పిండి, దులిపి, గట్టెక్కిన పిల్ల నెత్తిన వేశారు.

"తల ఆరబెట్టుకోమ్మా. జలుబు చేస్తుంది."